ఆరిలోవ వైపు పార్కులో తోట కోసం ఒక కట్టడం: ఎలా ఉంటే బాగుంటుంది?

కొండవాలు
అందరికీ నమస్కారం. నేను ఆర్కిటెక్ట్‌ని, విశాఖలోనే ప్రాక్టీసు. ఆరిలోవ వైపు కంబాలకొండ దిగువన ఒక కాలనీలో దాదాపు ఎకరం ఖాళీ స్థలం ఉంది. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలింది. ఉత్తరం వైపు రోడ్డు, తూర్పు అంచున కొండ మీద నుంచి దిగే గెడ్డ (వాగు). సగం పార్కుగా ఉంచి, మిగతా సగంలో కాలనీవాళ్లే కూరగాయలు పండించుకోవాలని కమిటీ నిర్ణయించింది. దానికి ఒక కట్టడం గీసిమ్మని నన్ను అడిగారు.

వాళ్ల కోరిక ఇది: ముందంతా అద్దాలు, రెండంతస్తుల కమ్యూనిటీ హాలు, పైన రూఫ్ గార్డెన్. నా అభిప్రాయం వేరు. ఇక్కడ తోటే ముఖ్యం, కట్టడం తోటకు పనికొచ్చేలా ఉండాలి. పొడవాటి వరండా, ఒక గది, నీళ్ల ట్యాంకు, టాయిలెట్లు చాలనిపిస్తోంది. కానీ కమిటీని ఒప్పించాలంటే నా మాట ఒక్కటే సరిపోదు. మొక్కలు పెంచేవాళ్లు, ఇంజినీర్లు, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు మీకు తెలిసింది రాయండి. అభ్యంతరాలు ఉంటే అవీ రాయండి.

బచ్చలిపందిరి
కొండవాలు గారూ, మాది ఎంవీపీ కాలనీ, నాది మిద్దె తోట. నేల ఉండగా మేడ ఎక్కకండి. మట్టి పైకి మోయాలి, ఎరువు మోయాలి, నీళ్లు ఎక్కించాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ మెట్లు ఎక్కలేరు, తోట మీద ఎక్కువ ఇష్టం ఉండేదేమో వాళ్లకే. మిద్దె తోట నేల లేనివాళ్లు పట్టిన దారి. మీకు ఎకరం నేల ఉంది.

మడి 4 అడుగుల వెడల్పు మించకూడదు. అప్పుడు రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది, మట్టి తొక్కాల్సిన పనుండదు. పిల్లల మడులైతే 3 అడుగులు చాలు. ప్రధాన దారి 4 అడుగులు ఉంచండి, తోపుడు బండీ వెళ్తుంది, వీల్‌చెయిరూ వెళ్తుంది. ఒక వరస మడుల్ని రెండున్నర అడుగుల గోడ కట్టి ఎత్తు చేయండి. వంగలేనివాళ్లు పక్కనే నిలబడో, కుర్చీలో కూర్చునో కలుపు తీసుకుంటారు.

ఇక ఎండ. వంగ, బెండ, టమాటాకి రోజుకు 6 గంటల ఎండ తగలాలి. ఆకుకూరలకు 4 గంటలున్నా సరిపోతుంది. మే నెల మధ్యాహ్నం ఎండకు మాత్రం కొత్తిమీర, పాలకూర నిలబడవు. నేను అప్పుడు వాటిని మానేసి బచ్చలి, పొన్నగంటి పెడతాను. మీ వరండాకు పడమటి వైపు ఇనప పైపులతో ఒక పందిరి వేసి దొండ పాదు ఎక్కించండి. సాయంత్రం ఎండ గోడకు తగలదు, కాయా దొరుకుతుంది.

ఒక తొట్టి కూడా కావాలి. కోసిన ఆకుకూర అక్కడే కడుక్కుంటే మట్టి ఇంటిదాకా రాదు. ఆ నీళ్లు అరటి పాదుకు మళ్లించండి.

కొండవాలు
ధన్యవాదాలండీ. ఎండ గురించి నేను వేసిన లెక్క చెబుతాను. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబర్ నెలాఖరున మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 12 అడుగుల గోడ నీడ ఉత్తరం వైపు 10 అడుగులకు పైగా పడుతుంది. అందుకే కట్టడాన్ని స్థలానికి ఉత్తరపు అంచున, రోడ్డు పక్కనే పెడుతున్నాను. నీడ రోడ్డు వైపు పోతుంది, దక్షిణాన ఉన్న మడులకు చలికాలపు ఎండ పూర్తిగా దక్కుతుంది. మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి వెళ్తాడు. ఆ రోజుల కోసం ఉత్తరం గోడకు కూడా చిన్న చూరు ఇస్తున్నాను.

స్ట్రక్చర్‌పని
రూఫ్ గార్డెన్ మీద ఒక లెక్క. మనుషులు తిరిగే మామూలు శ్లాబును చదరపు మీటరుకు 150 కిలోల బరువుకు డిజైన్ చేస్తాం. తడిసిన మట్టి ఒక అడుగు మందం ఉంటే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. అంటే మూడు రెట్లకు పైన. దూలాలు, స్తంభాలు, పునాది అన్నీ పెరుగుతాయి. వాటర్‌ప్రూఫింగ్ ఎక్కడో ఒకచోట పోతే మట్టంతా దించి వెతకాలి. సింగపూర్‌లో కంపుంగ్ అడ్మిరాల్టీ లాంటి కట్టడాల మీద పెద్దవాళ్లు కూరగాయలు పండిస్తున్నారు, నిజమే. అక్కడ నేల లేదు, నిర్వహణకు మనుషులున్నారు. మీకు రెండో సంగతి ఇంకా తేలలేదు.

గాలి సంగతి అంతకంటే ముఖ్యం. కట్టడాల మీద పడే బరువులు, గాలి గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌లో రేకులు ఎలా లేచిపోయాయో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వరండా చూరు కిందికి గాలి దూరి కప్పును పైకి ఎత్తుతుంది. కాబట్టి వరండా కప్పునీ గది కప్పునీ ఒకే ముక్కగా వేయకండి. వరండా కప్పు పోయినా గది కప్పు దాంతోపాటు లేచిపోకూడదు. రేకులే వేస్తే నాలుగు వైపులా వాలు ఉండాలి, వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచండి. రెండు వైపుల వాలు కంటే ఇది గాలికి బాగా ఆగుతుంది.

మన తీరంలో పాత చుట్టిళ్లు గుర్తున్నాయా? గుండ్రటి మట్టిగోడ, నిటారు తాటాకు కప్పు, చూరు దాదాపు నేలదాకా. గాలికి పట్టు దొరకదు. దాన్ని అలాగే కట్టమనను గానీ, ఆ తెలివి మీ డ్రాయింగ్‌లో కనిపించాలి.

ఉప్పు గాలికి కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకి తగ్గొద్దు, కవర్ (ఇనప చువ్వల మీద కాంక్రీటు మందం) 45 మి.మీ. ఉంచండి. కవర్ తగ్గించి కట్టిన వరండా స్తంభాల్లో ముందు పగిలేది మూలలే.

గెడ్డఒడ్డు
మాది ఆ కింద కాలనీ. మీ స్థలం పక్కన పారే గెడ్డే మా వీధి పక్కనుంచి పోతుంది. ఇక్కడ అందరికంటే ముందు నేనే రాయాల్సింది. దయచేసి గెడ్డ వైపు ప్రహరీ కట్టి దాన్ని ఇరుకు చేయకండి. విశాఖలో పెద్ద వానలు అక్టోబర్‌లో పడతాయి, కొండ నీళ్లు గంటలో కిందికి దిగిపోతాయి. పైనవాళ్లు ఒక గజం జరిగితే కిందున్న మా ఇళ్లలోకి నీళ్లు వస్తాయి. ఆ అంచున కనీసం 30 అడుగులు ఏమీ కట్టకుండా వదలండి. వెదురు, కానుగ, గంగరావి పెట్టండి, వట్టివేరు నాటండి. గట్టు కోసుకుపోదు.

కొండవాలు
30 అడుగులు వదులుతున్నాను. ఇది బేరం ఆడే విషయం కాదు. ప్లింత్ (కట్టడం నేల మట్టం) కూడా రోడ్డు మట్టానికి రెండడుగుల పైన ఉంచుతున్నాను.

నీళ్లు ఎంత వస్తాయో చూశాను. కప్పు 150 చదరపు మీటర్లు. విశాఖలో ఏడాదికి సుమారు 1000 మి.మీ. వాన. చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు. ఐదో వంతు పోయినా 1,20,000 లీటర్లు దొరుకుతాయి. దీంతో తోట ఏడాదంతా గడుస్తుందా?

ఎర్రమట్టి
గడవదండీ. మాది ఆనందపురం దగ్గర పల్లె, కూరగాయలు, పూలు పండిస్తాం. వేసవిలో మడికి చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లు వేసుకోండి. మీ మడులు 300 చదరపు మీటర్లు అనుకుంటే రోజుకు 1500 లీటర్లు. మీ కప్పు మీద ఏడాదంతా పడిన వాన మొత్తం దాచినా 80 రోజులే. పైగా అంతా దాచలేరు. 20,000 లీటర్ల ట్యాంకు కడితే రెండు వారాలకు అయిపోతుంది. వానేమో అక్టోబర్ దాటాక తగ్గిపోతుంది, అవసరం మార్చి నుంచి మే దాకా.

కాబట్టి ట్యాంకు 20,000 లీటర్లు చాలు, నిండాక పొంగే నీటిని ఇంకుడు గుంతలోకి వదలండి. బోరు ఉంటే అదే మీ అసలు ట్యాంకు. రెండోది, వేసవిలో అన్ని మడులూ పండించాలనే పట్టు వదలండి. సగం మడుల్లో జనుమో జీలుగో చల్లి, పూతకు రాగానే మట్టిలో కలిపేయండి. మిగతా సగానికి ఎండుగడ్డి, రాలిన ఆకులతో ఆచ్ఛాదన చేస్తే నీళ్లు బాగా పొదుపవుతాయి. రైతు ఎలాగూ భూమికి విరామం ఇస్తాడు, మీరూ ఇవ్వండి.

కట్టడం గీసేముందు మట్టి చూడండి. లేఅవుట్ ఖాళీ స్థలాల్లో ఇళ్లు కూల్చిన శిథిలాలు పోసి పైన పలచగా ఎర్రమట్టి పరుస్తారు. నాలుగైదు చోట్ల రెండడుగుల లోతు గోతులు తీయించండి. సిమెంటు పెళ్లలు, టైల్ ముక్కలు తగిలితే ఆ చోటు పార్కుకూ కట్టడానికీ వాడుకోండి, కూరగాయలకు మంచి మట్టి ఉన్న చోటు. మట్టి పరీక్షకు పంపేటప్పుడు ఉప్పు, ఉదజని సూచిక (పీహెచ్)తోపాటు సీసం కూడా చూడమనండి. పాత పెయింట్ల శిథిలాల్లో అది ఉంటుంది.

గిజిగాడు
పక్షులు చూసేవాడిగా రెండు మాటలు. కమిటీ అడిగిన అద్దాల గోడ వద్దే వద్దు. కంబాలకొండ అడవి ఆనుకుని ఉన్నచోట అద్దంలో చెట్లు ప్రతిబింబిస్తే పక్షులు నేరుగా వచ్చి కొట్టుకుంటాయి. ఎక్కడైనా అద్దం తప్పదంటే బయటివైపు రెండేసి అంగుళాలకు చుక్కలో గీతలో పెట్టించండి. లేదా వెదురు తడిక కట్టండి.

లైట్లు కింది ఎత్తులో, పసుపు రంగువి, పైకి వెలుతురు చిమ్మనివి పెట్టండి. రాత్రి 9 దాటాక తోటలో లైటు అక్కర్లేదు.

చెట్లు: తురాయి, పచ్చ తురాయి అందంగానే ఉంటాయి, కానీ గాలికి కొమ్మలు విరుగుతాయి. హుద్‌హుద్ తర్వాత మన వీధుల్లో దారులకు అడ్డంగా పడినవాటిలో అవీ ఉన్నాయి. పొగడ, పొన్న, కానుగ, వేప, నేరేడు, మోదుగ పెట్టండి. ఉన్న తాటిచెట్లు ఒక్కటీ కొట్టనివ్వకండి, గిజిగాడు పిట్ట ఎక్కువగా గూడు కట్టేది వాటికే. ఒక మూల 20 అడుగుల చోటు ఎవరూ ముట్టుకోకుండా వదిలేయండి. జిల్లేడు, తంగేడు, గడ్డి వాటంతటవే వస్తాయి. జిల్లేడు మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. నిమ్మ, కరివేపాకు మీద గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టొద్దని మడి తీసుకున్న ప్రతి ఇంటికీ చెప్పండి. నాలుగు ఆకులు పోతాయి, అంతే.

రిటైర్డ్‌మాస్టారు
నేను ఆ కమిటీలో సభ్యుణ్ణి. నా పేరు అనవసరం. హాలు అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి మా కారణాలు చెప్పాలి. ఒకటి, హాలు అద్దెకిస్తే డబ్బు వస్తుంది. ఆ డబ్బుతోనే పార్కు నడుస్తుంది. ప్రారంభోత్సవం నాడు అందరూ వస్తారు, ఏడాది తిరిగేసరికి కుళాయి వాషర్ మార్చడానికి రూపాయి ఉండదు. రెండు, హుద్‌హుద్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. కొండ మీది ఇళ్లవాళ్లు పిల్లల్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియక నిలబడ్డారు. గట్టి కట్టడం ఒకటి ఉంటే పనికొస్తుందని అనుకోవడంలో తప్పేముంది? మూడు, సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పాలంటే కప్పు కావాలి.

గంటలపని
మాస్టారూ, నేనూ ఆ పక్క వీధిలోనే ఉంటున్నాను. నాలుగిళ్లలో పని చేసుకుంటాను. మీరంటే గౌరవం. కానీ హాలు కడితే ఏమవుతుందో మాకు తెలుసు. పెళ్లిచూపులు, పుట్టినరోజులు, మైకులు. విస్తరాకులూ ప్లాస్టిక్ గ్లాసులూ మడుల్లో పడతాయి. అద్దె కట్టగలిగినవాళ్లకే అది హాలు, మాకు తాళం.

మాకు కావలసింది మీకు చిన్నగా కనిపించవచ్చు. నేను ఉదయం ఆరుకి ఇంట్లోంచి బయటపడాలి. ఐదున్నరకి గేటు తెరవకపోతే మడి నాకు ఇచ్చినా ఇవ్వనట్టే. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరో, సెక్రటరీ గారి ఇంట్లోనో ఉంటే వెళ్లి తలుపు కొట్టడానికి మాకు మొహమాటం. మా డ్వాక్రా సంఘానికి ఒక తాళంచెవి ఇవ్వండి. ఆడవాళ్లకు టాయిలెట్ విడిగా, తలుపు రోడ్డు వైపు కాకుండా వరండా వైపు, గడియ లోపలినుంచి గట్టిగా పడేలా ఉండాలి. రాత్రి ఆ వరండాలో తాగేవాళ్లు చేరతారని అందరికీ భయం. రోడ్డు మీద పోయేవాళ్లకు వరండా అటు చివరి నుంచి ఇటు చివరిదాకా కనిపించాలి. మూలలు, చాటు గోడలు పెట్టకండమ్మా.

మడులు అసోసియేషన్‌కి చందా కట్టే ఇళ్లకే ఇస్తారా, అద్దెకుండేవాళ్లకీ ఇస్తారా? ఇది ముందు తేల్చండి.

బచ్చలిపందిరి
చివరి ప్రశ్నకు జవాబు రాకుండా ఎన్ని డ్రాయింగులు గీసినా లాభం లేదు. అద్దెకుండేవాళ్లకు పెరడు ఉండదు, మేడ మీదికి వెళ్లనివ్వరు. మడి ఎక్కువ అవసరం వాళ్లకే. చీటీలు తీయండి, ఏడాదికొకసారి. కనీసం మూడో వంతు మడులు అద్దె ఇళ్లవాళ్లకు అని రాసుకోండి.

స్ట్రక్చర్‌పని
మాస్టారి రెండో మాట కొట్టిపారేయలేం. అదే ఐఎస్ 875లో తుఫాను తర్వాత తప్పకుండా నిలవాల్సిన కట్టడాలకు గాలి వేగాన్ని పెంచి లెక్కకట్టే 1.30 గుణకం ఉంది. మామూలు కట్టడాలకు 1.0. కొండవాలు గారి ఒక్క గదిని ఆ లెక్కన కట్టండి. కప్పు పూర్తి ఆర్‌సీసీ శ్లాబు, కిటికీలకు గట్టి చెక్క తలుపులు, పైన చిన్న సోలార్ ప్యానెల్, ఫోన్ చార్జింగ్ పాయింట్లు, చేతిపంపు. పెద్ద హాలు కంటే అలాంటి గట్టి గది ఒకటి తుఫాను రోజున ఎక్కువ ఆదుకుంటుంది. ఖర్చు పెరుగుతుంది గానీ చిన్న గది కాబట్టి భరించగలరు.

గెడ్డఒడ్డు
గట్టి గది మంచిదే. అయితే అందరూ అక్కడికి రావొచ్చని బోర్డు పెట్టకండి. అక్కడ పట్టేది పాతిక మందే. పెద్ద తుఫానుకు బడికే వెళ్లాలి.

ఎర్రమట్టి
విత్తనాల గురించి ఎవరూ అడగలేదు. విశాఖలో గాలిలో తేమ ఏడాదంతా ఎక్కువే. అలమార్లో కాగితపు పొట్లాల్లో పెడితే ఒక వానాకాలంలో బూజు పడుతుంది. గది పడమటి గోడకు విత్తనాల అర పెట్టకండి, అది వేడెక్కుతుంది. లోపలి గోడకు పెట్టండి. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, మూత గట్టిగా పట్టే గాజు సీసాల్లో ఉంచాలి. సీసా మీద రకం పేరు, కోసిన నెల రాయాలి.

జీవామృతం కలుపుకోవడానికి నీడపట్టున చిన్న గచ్చు కావాలి. 200 లీటర్ల డ్రమ్ములు రెండు. ఒక డ్రమ్ముకు 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, మిగతా నీళ్లు. 48 గంటలు పొద్దునా సాయంత్రం కలియబెట్టాలి, వారంలోగా వాడేయాలి. ఎకరానికి సరిపడే కొలత ఇది, మీకు పావు డ్రమ్ము చాలు.

కొండవాలు
గచ్చూ కంపోస్టూ ఎక్కడ పెట్టాలన్నదే నాకు చిక్కుగా ఉంది. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ఆ లెక్కన వాసన రాకుండా ఈశాన్యంలో పెట్టాలి. ఈశాన్యంలో చెత్త అంటే కాలనీ పెద్దలు ఒప్పుకోరు. పైగా చలికాలంలో గాలి ఈశాన్యం నుంచే తిరగబడుతుంది.

రిటైర్డ్‌మాస్టారు
ఈశాన్యం మాత్రం వద్దమ్మా. నేను ఒప్పుకున్నా మిగతావాళ్లు సంతకం పెట్టరు. వాయవ్యం చూడండి.

కొండవాలు
వాయవ్యం సరిగ్గా కుదురుతోంది మాస్టారూ. నైరుతి గాలికీ, ఈశాన్య గాలికీ అది పక్కకు ఉంటుంది, వాసన వరండా మీదికి రాదు. రోడ్డుకు దగ్గర కాబట్టి పేడ బండి లోపలికి రానక్కర్లేదు కూడా.

గిజిగాడు
కంపోస్టుకు ఇటుక గోడ, కింద గచ్చు, పైన సన్న జాలీ తప్పనిసరి. వండిన అన్నం అందులో వేయనివ్వకండి. ఎలకలు వస్తాయి, వాటి వెనక పాములు వస్తాయి. కంబాలకొండ అంచు కాలనీల్లో జెర్రిగొడ్డు, నాగుపాము, కొండచిలువ కనిపించడం మామూలే. చంపకండి. పామును పట్టేవారి నంబరూ, అటవీ శాఖ నంబరూ గది తలుపు మీద రాయించండి. పనిముట్ల గదిలో సామాను నేల మీద కుప్ప పోయకుండా గోడకు తగిలించే కొక్కేలు పెట్టండి, తలుపు కింద సందు ఉండకూడదు.

చిన్న కొలను పెట్టాలని ఎవరైనా అంటే నేను వద్దనే అంటాను, డెంగీ భయం ఉన్న ఊరు. పక్షులకు వెడల్పాటి మట్టి మూకుళ్లు చాలు. శుక్రవారం డ్రైడే (నిల్వ నీళ్లు పారబోసే రోజు) పాటిస్తున్నాం కదా, ఆ రోజు మూకుళ్లు బోర్లించి, తోమి, మళ్లీ నింపండి.

స్ట్రక్చర్‌పని
స్థలం ఎవరి పేర ఉందో చూశారా? లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) రాసిచ్చేసి ఉంటే అసోసియేషన్ తనంతట తాను గోడ కూడా లేపకూడదు. ముందు ఆ కాగితం, తర్వాత అనుమతి, తర్వాత పునాది.

కొండవాలు
కాగితాలు తీయిస్తున్నాను. ఇప్పటికి గీసింది ఇలా ఉంది. ఉత్తరపు అంచున 60 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు వరండా. రెండు పొడుగు వైపులా తెరిచే ఉంటుంది, రోడ్డు మీద నుంచి చూస్తే అవతల మడులు కనిపిస్తాయి. పడమటి చివర పనిముట్లూ విత్తనాల గట్టి గది, దానికి బయట దొండ పందిరి. తూర్పు చివర టాయిలెట్లు, కడుగు తొట్టి, గెడ్డకు 30 అడుగులు దూరంగా. గోడలకు ర్యాట్ ట్రాప్ బాండ్ (ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి కట్టే) ఇటుక పని, గోడ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి వేడి తగ్గుతుంది, ఇటుకా పావు వంతు దాకా మిగులుతుంది. వరండా అరుగు 18 అంగుళాల ఎత్తు, అంత పొడవునా కూర్చోవచ్చు. సాయంత్రం చదువులు అక్కడే. పెళ్లిపందిరికి మాత్రం సరిపోకుండా మధ్యలో స్తంభాలు ఉంచాను, కావాలనే.

మాస్టారి మొదటి ప్రశ్న, డబ్బు. మడికి నెలకు చిన్న చందా, వరండా చివర నారు మొక్కల అమ్మకం. జూన్‌లో మృగశిర కార్తెకు ముందు వంగ, మిరప, టమాటా నారు కోసం జనం రైతుబజార్ల దగ్గర వెతుక్కుంటారు. మన దగ్గరే పెంచితే వాషర్లకూ పైపులకూ వస్తుంది. జీతం ఇచ్చి మనిషిని పెట్టేంత రాదు. అందుకు కమిటీ ఏటా కొంత కేటాయించాల్సిందే.

రిటైర్డ్‌మాస్టారు
మీరు రాసిన లెక్కలు ఆదివారం మీటింగులో చదువుతాను. హాలు వదులుకోవడానికి నేను సిద్ధం. నాకు ఒక షరతు ఉంది. చందా, నారు అమ్మకం, ఖర్చు ప్రతి నెలా వరండా గోడ మీద బ్లాక్‌బోర్డు పెట్టి రాయాలి. మడి లేనివాళ్లూ చదవగలగాలి. అద్దె ఇళ్లకు మూడో వంతు అన్నదాన్ని నేనే ప్రతిపాదిస్తాను.

గంటలపని
సంతోషం మాస్టారూ. తాళంచెవులు ఎన్ని చేయిస్తారు?

కొండవాలు
మూడు. ఒకటి కమిటీకి, ఒకటి మీ సంఘానికి, ఒకటి నారు పెంచేవాళ్లకు. గేటు ఉదయం ఐదింటికే తెరుచుకునేలా డ్రాయింగ్ మీదే రాస్తున్నాను. ఈ వారంలో గోతులు తీయిస్తాం, మట్టి ఎలా ఉందో ఇక్కడే ఫొటోలు పెడతాను. ఎర్రమట్టి గారూ, మీరు ఒకసారి వచ్చి చూడగలిగితే మడుల హద్దులు మీ ముందే గీస్తాను.

ఎర్రమట్టి
వస్తాను. వాన పడిన మర్నాడు పిలవండి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది.